‘నింపు’ రాసిన మనిషి

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి తన కంప్యూటర్ తెరను నా వైపు తిప్పి, “అక్కా, ఈ నింపు ఏంటి? తెలుగు మాటేనా?” అని అడిగింది. మాది పిల్లల కోసం చిన్న చిన్న గేమ్‌లు తయారుచేసే కంపెనీ. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ఒక పాత కోడ్ లైబ్రరీని ఆ అమ్మాయి తన గేమ్‌లో కలుపుకుంది. అందులో ఒక్కో చిన్న పనీ చేసే ఫంక్షన్ల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలే. దూరం. తగిలిందా. తిప్పు. దారి. నింపు. రాసినవాళ్ళ పేరు మాత్రం ఎక్కడా లేదు.

“తెలుగే” అన్నాను. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

దాన్ని రాసిన ఆయన తన పేరు ఉంచుకోలేదు కాబట్టి నేనూ ఇక్కడ పెట్టడం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. భద్రాచలంలో ఒక ఎరువుల కొట్టు పైన, మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉండేది. కంప్యూటర్లు ఐదు. గది నిండా యూరియా వాసన. నేను టైపింగు నేర్పేదాన్ని, ఆయన ప్రోగ్రామింగ్ నేర్పేవాడు. ముప్పై దాటిన సన్నపాటి మనిషి. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనట్టు మొద్దుగా, సిమెంటుకు ఒరుసుకుపోయి ఉండేవి. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. సెలవు దొరికితే ఈయనా వెళ్ళి గోడ ఎత్తేవాడు. వాళ్ళ ఊరు పర్ణశాలకు ఇవతల, గోదావరి ఒడ్డుకీ అడవికీ మధ్యన ఉంది. ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు. వీళ్ళదీ అలాంటి ఇల్లే.

ఏ గదిలోకి వెళ్ళినా ముందు అరచేయి గోడకు ఆనించి చెమ్మ ఉందో లేదో చూసేవాడు. మా సెంటర్ మెట్లు రోజూ ఎక్కేవే అయినా ప్రతిసారీ పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవాడు. విద్యార్థి ఎవరైనా “సార్, నా ప్రోగ్రామ్ పనిచేస్తుంది” అంటే మెచ్చుకునేవాడు కాదు. “పనిచేస్తది సరే. ఎక్కడ మోసం చేస్తది?” అనేవాడు. చాలామంది ఆ ప్రశ్న అర్థం కాక నా వైపు చూసేవాళ్ళు.

మధ్యాహ్నం క్లాసులు లేనప్పుడు ఆయన ఆ లైబ్రరీ రాసేవాడు. ఏ గేమ్ తయారుచేసినా మాటిమాటికీ కావలసిన చిన్న పనులు కొన్ని ఉంటాయి. రెండు బొమ్మల మధ్య దూరం ఎంత, బంతి గోడకు తగిలిందా లేదా, ఇక్కడి నుంచి అక్కడికి దారి ఏది, ఇలాంటివి. వాటిని ఒక్కసారి సరిగ్గా రాసిపెడితే మిగతావాళ్ళు తెచ్చుకుని వాడుకోవచ్చు. లువా అనే చిన్న స్క్రిప్టింగ్ భాషలో రాసేవాడు. ఆ భాషే ఎందుకని అడిగితే, “దీంట్ల లెక్క ఒకటి నుంచి మొదలైతది చెల్లె, మా నాయిన ఇటుకలు లెక్కపెట్టినట్టు” అన్నాడు. మిగతా భాషలు చాలావాటిలో సున్నా నుంచి మొదలవుతుంది.

“ఇంత కష్టపడి రాసి ఊరికే ఇచ్చేయడం ఏంటన్నా?” అన్నాను ఒకసారి.

“ఇల్లు కట్టుకునేటోడు తాపీ గూడ తనే చేస్కుంటడా? తాపీ నేను చేసిస్త. ఇల్లు వాళ్లు కట్టుకోనీ.”

ప్రతి ఫంక్షన్ పైనా ఒక వాక్యం హెచ్చరిక రాసేవాడు. ‘దారి’ పైన: గోడలు కదిలితే ఇది చెప్పిన దారి అబద్ధం. ‘తగిలిందా’ పైన: మరీ వేగంగా పోయే వస్తువు గోడను దాటిపోయినా దీనికి కనపడదు. తన పనిలో లోపం తానే వెతికి బయటపెట్టడంలో ఆయనకు ఒక రకమైన సంతోషం ఉండేది. ఎవరెవరో విదేశాల నుంచి మెయిల్ రాసేవాళ్ళు. మూడు ముక్కల్లో జవాబిచ్చేవాడు.

‘నింపు’ ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన ఫంక్షన్. గళ్ళుగళ్ళుగా ఉన్న మ్యాపులో ఒక గడిలో నీళ్ళు పోస్తే, పక్క గడి పల్లంగా ఉంటే అందులోకి, అక్కడి నుంచి దాని పక్కదానిలోకి, అలా ఎంతవరకు పాకుతాయో అది చూపిస్తుంది. ప్రతి గడికీ పైన, కింద, కుడి, ఎడమ అని నాలుగు వైపులే చూసేది. ఒక విదేశీయుడు “మీ నింపు మూలలను వదిలేస్తోంది. మూల మూలకు తగిలే గళ్ళలోకి నీళ్ళు పోవడం లేదు” అని రాశాడు. “ఆటకు నాలుగు చాలు” అని ఈయన జవాబిచ్చాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

ఆ ఫంక్షన్‌ను పరీక్షించడానికి ఒక గేమ్ కావలసి వచ్చింది. వరద రాకముందే పశువులను మిట్టకు తోలుకుపోవాలి, అదీ ఆట. మ్యాపుగా తన ఊరినే పెట్టుకున్నాడు. కల్పించి రాస్తే తప్పు పట్టుకోలేం, తెలిసిన నేల అయితే దొరికిపోతుందని ఆయన వాదన. ఊరి ఎత్తుపల్లాలన్నీ తండ్రి దగ్గరున్న లెవెల్ గొట్టంతో కొలిచాడు. నీళ్ళు నింపిన పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం అది. ఎంత దూరం లాగినా రెండు కొనల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలబడతాయి కాబట్టి ఏ చోటు ఎంత పల్లమో తేలిపోతుంది. ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచి నా చేతికీ ఒక కొన ఇచ్చారు.

“కన్ను వంచకు బిడ్డా. నీళ్లు ఎక్కడుంటే అక్కడనే గీత గియ్యి” అని వాళ్ళ నాన్న పక్కన నిలబడి చెప్పాడు. పొట్టి మనిషి, చెవిలో పెన్సిల్. నది ఒడ్డున ఉన్న బడిని చూపించి, “ఇది నా చేతి పనే. ఒక్క బీట ఇయ్యలే ఇప్పటిదాంక” అన్నాడు. వరద వస్తే ఊరంతా తలదాచుకునేది ఆ బడిలోనే. ఊళ్ళో అదే ఎత్తు. ఇళ్ళ మధ్య గొట్టం పట్టుకుని తిరుగుతున్న మమ్మల్ని చూసి ఆడవాళ్ళు నవ్వారు. అడవి వైపు నుంచి కట్టెలమోపుతో వచ్చిన ఒక ముసలమ్మ ఆగి తన భాషలో ఏదో అడిగింది. ఆయన అదే భాషలో జవాబు చెప్పాడు. ఆమె నవ్వలేదు. గొట్టంలో నీళ్ళను చూసి వెళ్ళిపోయింది.

వానాకాలం ముందు ఒక మధ్యాహ్నం సెంటర్‌లో, “చెల్లె, ఇటు చూడు” అన్నాడు.

తెర మీద ఊరు. గళ్ళలో నీలం రంగు మెల్లగా పాకుతోంది. గోదావరి వైపు నుంచి కాదు. నది ఒడ్డు ఎత్తుగా ఉంది, అక్కడ ఒక్క గడీ నిండలేదు. నీలం ఊరి వెనక నుంచి వస్తోంది. నది పెరిగేకొద్దీ దానిలో కలవాల్సిన వాగు వెనక్కి తన్ని, ఊరి వెనక పొలాల్లోకి వస్తోంది. అన్నిటికన్నా ముందు మునిగింది రోడ్డు వాగును దాటే చోటున్న చప్టా, ఊరి నుంచి బయటికి పోవడానికి ఉన్న ఒక్క దారి. ఆ తర్వాత పొలాలు, ఇళ్ళు. చివరికి నీలం మధ్యలో బడి ఒక్కటే మిగిలింది.

“పాత వరదలప్పుడు గిట్ల కాలేదు గదా?” అన్నాను.

“అప్పుడు రోడ్డు ఇంత ఎత్తు లేదు. నీళ్లు పరుచుకొని పోయినయి. ఇప్పుడు రోడ్డు కట్ట లెక్క అడ్డం నిలబడ్డది.”

“నీ కోడ్‌లో తప్పేమో అన్నా.”

“అయితే బాగుండు” అన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆయన తన తప్పు కోసం వెతికాడు. ఫంక్షన్‌ను కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి రాశాడు. క్యాలెండర్ కాగితాల వెనక గళ్ళు గీసి, పెన్సిల్‌తో ఒక్కొక్క గడీ నింపుకుంటూ వచ్చాడు. చప్టా మట్టం మళ్ళీ కొలిచాడు. ప్రతిసారీ అదే జవాబు. తన ప్రోగ్రామ్ తప్పని తేలాలని అంత తపించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. క్లాసులో పిల్లల మీద విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అన్నం డబ్బా మూత తీసి, తినకుండానే మళ్ళీ పెట్టేశాడు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరివాళ్ళను ఆపి చెప్పాడు. నన్నూ రమ్మన్నాడు. “నువ్వు గూడ కొలిచినవ్ గదా. బయటి మనిషివి, నీ మాట ఇంటరు” అన్నాడు. మ్యాపు కాగితం పరిచి, వరద వస్తే బడిలో ఉండొద్దనీ, చప్టా మునగకముందే దాటి అడవి అంచున ఉన్న తాటిమిట్టకు పోవాలనీ చెప్పాడు. నేనూ చెప్పాను.

ఊరి పెద్దమనిషి కాగితం వైపు చూసి, “ఇది ఏంది, గేమా? ఆటల నీళ్లు చూపెట్టి ఊరిని బెదిరిస్తున్నవా?” అన్నాడు. అందరూ నవ్వారు. తండ్రి నవ్వలేదు.

“నేను కట్టిన బడి మునగదు రా” అన్నాడు.

“బడి మునగదు నాయినా. బడి నుంచి బయటికి పోయే దారి మునుగుతది.”

“బయటికి ఎందుకు పోవాలె?”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మండల ఆఫీసుకు కూడా వెళ్ళి చూపించాడట. అక్కడి ఆయన ‘గేమ్’ అన్న మాట దగ్గరే ఆగిపోయి, మా అబ్బాయికి కూడా ఒకటి ఇస్తావా అని అడిగాడట.

ఆగస్టులో వాన మొదలై మూడు రోజులు తెరిపి ఇవ్వలేదు. మూడో రోజు పొద్దున నది మొదటి హెచ్చరిక దాటిందని మైకులో చెప్పుకుంటూ ఆటో ఒకటి మా సెంటర్ కింద నుంచి వెళ్ళింది. ఆయన లేచి నిలబడ్డాడు. తెర మీద ఏదో అంకె చూసుకుని, “చప్టాకు ఇంక సగం పూట. వస్తవా చెల్లె?” అన్నాడు. నేను వెళ్ళాను. భయపడే వెళ్ళాను. వాళ్ళు ఆయన మాట వినరని నాకు తెలుసు.

మోపెడ్ మీద వెళుతుంటే దారి పొడుగునా బస్సులు వెనక్కి తిరిగి వస్తున్నాయి. మేం చప్టా దగ్గరికి చేరేసరికి నీళ్ళు ఇంకా మూరెడు కిందే ఉన్నాయి. వాన కూడా కాస్త తగ్గింది. భయపడాల్సింది ఏమీ లేనట్టే ఉంది. కానీ వాగులో నురగ, ఎండాకులు, ఒక ప్లాస్టిక్ చెప్పు నది వైపు పోవడం లేదు. నది నుంచి అడవి వైపు మెల్లగా ఎక్కి వస్తున్నాయి. చప్పుడు లేదు. ఆయన వెళ్ళి తండ్రిని చేయి పట్టుకుని తీసుకొచ్చి, ఆ నీళ్ళను చూపించాడు.

ముసలాయన చాలాసేపు చూశాడు. చెవిలో పెన్సిల్ తీసి జేబులో వేసుకున్నాడు. “ట్రాక్టర్ కట్టమను” అన్నాడు.

కొడుకు చెబితే కదలని ఊరు తండ్రి చెబితే కదిలింది. ట్రాక్టర్ తొట్టిలో ముసలివాళ్ళను, పిల్లలను, చంటిబిడ్డల తల్లులను ఎక్కించారు. నేను మొదటి ట్రిప్పులోనే వెళ్ళాను. చప్టా దాటి, అడవి హద్దున పశువులు లోపలికి పోకుండా ఎప్పుడో తవ్విన కందకంలోకి దిగి ఎక్కి, తాటిమిట్ట ఎక్కాం. అప్పుడు ఆ కందకంలో అడుగు భాగాన బురద తప్ప ఏమీ లేదు. పెద్దమనిషి, ఇంకో ముగ్గురు మాత్రం రామన్నారు. బడి డాబా మీదికి ఎక్కి కూర్చున్నారు.

ఆయన చప్టా దగ్గర నిలబడి మనుషులను లెక్కపెడుతున్నాడు. తండ్రి చివరి ట్రిప్పులో వచ్చాడు. బడికి తాళం వేసి వస్తానని ఆగాడు. చప్టా మీద అప్పటికి చీలమండ లోతు నీళ్ళు. కొడుకు లెక్క ప్రకారం ఇంకా సమయం ఉంది, ఆ లెక్క నిజమే. ట్రాక్టర్ చప్టాను క్షేమంగా దాటింది. ఆయన కూడా తొట్టి వెనక కొక్కెం పట్టుకుని ఎక్కాడు. మిట్ట మీది నుంచి మేం చేతులు ఊపాం.

కందకం నిండి ఉంది. ఎప్పుడు నిండిందో మాలో ఒక్కరూ చూడలేదు. అందరం చప్టా వైపే చూస్తున్నాం. నిలకడగా ఉన్న ఎర్రటి నీళ్ళు, పక్కనున్న నేలలాగే కనపడుతున్నాయి. ట్రాక్టర్ నడిపేవాడు అంతకుముందు దాటిన చోటే దాటబోయాడు. ముందు చక్రాలు దిగిపోయి, తొట్టి పక్కకు ఒరిగింది. కేకలు. మగవాళ్ళు దూకి ఒక్కొక్కరినీ పైకి లాగారు. ఆయన ఇద్దరు పిల్లలను చెరో చంకన పెట్టుకుని ఒడ్డుకు విసిరినంత పని చేశాడు. వెనక్కి తిరిగి “నాయినా” అన్నాడు. ఒక్కసారే అన్నాడు. గట్టిగా కూడా కాదు.

మర్నాడు నీళ్ళు కాస్త తీశాక ముసలాయన కందకం అంచున ముళ్ళకంపలో దొరికాడు.

నీళ్ళు బడి కిటికీల దాకా వచ్చాయి. గోడ పగలలేదు. డాబా మీద కూర్చున్న నలుగురూ రెండు రోజులు వానలో తడిసి, పడవ వచ్చాక క్షేమంగా దిగారు.

సమాధి దగ్గర ఒకామె ఆయన చేతులు పట్టుకుని, “నీ వల్లనే నా పిల్లలు బతికిండ్రు అయ్యా” అని ఏడ్చింది. ఆమె వెనక ఎవరో మెల్లగా, “బడిలనే ఉంటే ముసలాయన గూడ ఉండేటోడు గద” అన్నారు. రెండు మాటలూ ఆయన విన్నాడు. ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. మిట్టకు పొమ్మని చెప్పిన రెండో గొంతు నాదే.

నెల తర్వాత సెంటర్‌కు వచ్చాడు. గోడకు చేయి ఆనించలేదు. నేరుగా కూర్చుని మ్యాపు తెరిచాడు. కందకం మ్యాపులో ఉంది, దాని లోతు కూడా సరిగ్గానే ఉంది. కానీ అది ఊరికి ఏటవాలుగా తవ్వింది. గళ్ళలో పెడితే దాని గళ్ళు పక్కపక్కన రావు, మూల మూలకు తగులుతాయి. నాలుగు వైపులే చూసే ‘నింపు’కు అవి ఒకదానికొకటి సంబంధం లేని గుంతలు. నీళ్ళకు మాత్రం అదంతా ఒకే కాలువ.

“మూల మీదికెల్లి పోయినయి” అన్నాడు తెర వైపు చూస్తూ.

ఫంక్షన్‌ను ఎనిమిది వైపులు చూసేలా మార్చాడు. రెండు నిమిషాల పని. నీలం వాగు నుంచి బయల్దేరి, కందకం వెంట ఏటవాలుగా నడిచి, తాటిమిట్ట అడుగున ఆగింది. మళ్ళీ మొదటి నుంచి నడిపించాడు. అలా ఎన్నిసార్లు చూశాడో నేను లెక్కపెట్టలేదు. తర్వాత ఆ విదేశీయుడి పాత మెయిల్ వెతికి, “మీరు చెప్పింది నిజం. సరిచేశాను” అని రాశాడు. మర్నాటికే జవాబు వచ్చింది. చాలా థాంక్స్ అట, తన గేమ్‌లోని గుహలు ఇప్పుడు భలేగా నిండుతున్నాయట. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ఫైళ్ళన్నిటి పైనా ఉన్న తన పేరు తీసేశాడు. ‘నింపు’ పైన కొత్త వాక్యం రాశాడు: దీన్ని ఆటకు తప్ప దేనికీ వాడకండి. ఆ సాయంత్రం సెంటర్ తాళంచెవులు నా టేబుల్ మీద పెట్టి వెళ్ళాడు.

మళ్ళీ చూసింది కొన్నేళ్ళ తర్వాత, జూలూరుపాడులో. ఖమ్మం నుంచి వస్తూ బస్సు టీకి ఆగితే, రోడ్డు పక్కన కట్టబోయే ఇంటికి పునాది గీతల ముగ్గు పోస్తూ కనపడ్డాడు. చెవిలో పెన్సిల్. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి, “బాగున్నవా చెల్లె?” అని ఇటుకల మీద కండువా పరిచి కూర్చోమన్నాడు.

“నీ లైబ్రరీ ఇంకా చానామంది వాడుతున్నరు అన్నా.”

“తెల్సు. మెయిళ్లు వస్తనే ఉంటయి. తెరవ.”

“ఎందుకు?”

“ఆట కోసం అడిగితే జవాబు చెప్పొచ్చు. ఎవడన్న ఊరి కోసం అడిగిండనుకో?”

బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు. అన్నేళ్ళుగా నాలో ఉన్న మాట అప్పుడే అడిగేయాలనిపించింది. “ఆ రోజు మనం ఏం చెప్పకుండ ఉంటే ఏమయ్యేది అన్నా?”

ఆయన తల తిప్పుకోలేదు. నేను అడుగుతానని ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు. “నేను గూడ రోజూ అదే చూస్తున్న. ఒకసారి అందరు బతుకుతరు. ఒకసారి ఎవ్వరు బతకరు. ఏది నిజమో తెల్వది” అన్నాడు. చేతికంటిన ముగ్గు దులుపుకుని, “నిన్ను తీస్కపోకుండ ఉండాల్సింది” అన్నాడు.

ఇంతలో ఆ ఇంటి యజమాని వచ్చాడు. “ముగ్గు అయిందా మేస్త్రీ? జల్దీ కానీ, ముహూర్తం దాటిపోతది” అన్నాడు.

“వాగు ఎటు పక్కనయ్యా?” అని ఆయన అడిగాడు.

ఇంటాయన నవ్వాడు. “ఇక్కడ వాగు యాడిది? చుట్టూ మెట్ట చేలు.”

“ఉంటది. చూపెట్టుండ్రి.”

ఆ గొంతుకు ఇంటాయన నవ్వు ఆగిపోయింది. చెయ్యెత్తి చేల అవతలికి, అడవి మొదలయ్యే వైపుకు చూపించాడు. ఆయన చేతిలోని ముగ్గు గిన్నె కింద పెట్టి, గట్ల మీదుగా అటే నడవడం మొదలుపెట్టాడు. నేను బస్సెక్కి కిటికీలోంచి చూశాను. పత్తి చేల మధ్య ఆయన ఆగి, వంగి, నేల మీద అరచేయి పెట్టి చూసి, మళ్ళీ లేచి ముందుకు నడుస్తున్నాడు.